కర్మాగారమునుండి పరిశోధనాలయమునకు
(పాఠశాల వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



వార్షికోత్సవమున ప్రసంగించువారు సాధారణముగా మార్కులను గూర్చియు, క్రమశిక్షణను గూర్చియు మాటలాడి, పిల్లలు ఆవులించుట మొదలుపెట్టగనే ముగించి కూర్చుందురు. మేమును పలుమార్లు అట్లే చేసియున్నాము. ఈ యేడు సంఘమువారు మమ్ము, విజ్ఞానశాస్త్రము చదివిన మన పిల్లల భవిష్యత్తును గూర్చి మాటలాడుమని కోరిరి. విషయము పెద్దది. దాని నంతయు మేము తడవబోము. గత సంవత్సరము మా యింటి వరండాలో ఒక అమ్మాయి యడిగిన ప్రశ్న యొకటి యున్నది. దానికి మే మిచ్చిన సమాధానమును, అంతకు చాల యేండ్లకు పూర్వము అట్టి ప్రశ్నకే యిచ్చిన వేఱొక సమాధానమును మీముం దుంచుటయే మా యుద్దేశము. ఆ మొదటి సమాధానము తప్పు. ఆ సంగతి ముందుగనే యొప్పుకొనుచున్నాము.

ప్రశ్న యిది: "పెదనాన్నగారూ, ఆరేళ్ళుగా కంపెనీలో పనిచేస్తున్నాను. ఇప్పుడు ఉద్యోగం మానేసి పరిశోధనకు పోవచ్చా?"

మన యూరిని గూర్చి మీకు మేము చెప్పవలసిన దేమున్నది? 1936లో పి.ఏ.సి. రామస్వామిరాజాగారు రాజపాళయం మిల్సును స్థాపించిన నాటినుండియు ఈ యూరివారి జీవితము ప్రత్తితో ముడిపడియున్నది. పొరుగున చత్రపట్టిలో మగ్గములపై నేయు బ్యాండేజి గుడ్డ ఎక్కడెక్కడి ఆసుపత్రులకో పోవుచున్నది. మన పిల్లలు ఇంట తెలుగు, వీధిలో తమిళము, ఫ్యాక్టరీ కాగితములలో ఇంగ్లీషు నేర్చి, పట్టా చేతికి రాగానే ఈ మిల్లులలోనో, దూది తయారుచేయు కర్మాగారములలోనో, కాదేని మధుర, చెన్నపట్టణముల మందుల కంపెనీలలోనో చేరుదురు. జీవశాస్త్రము చదివినవారికి దొరకు పని తఱచుగా పరీక్షాశాలలోని పని. ఆ యమ్మాయియు అట్టి పనిలోనే చేరినది.

ఆ పని యెట్టిదో కొంచెము చెప్పవలెను. మీలో ననేకులు దూదిని చూచియుందురు గాని, దూదికి పరీక్ష పెట్టుట చూచియుండరు. పచ్చి ప్రత్తిని నీటిపై వేసినచో తేలును. ప్రత్తిపోగుపై సహజముగా నుండు మైనపు పొర నీటిని దరిచేరనీయదు. కాస్టిక్ సోడా కలిపిన నీటిలో ఒత్తిడితో ఉడికించి, ఆ మైనమును పోగొట్టి, తెల్లబఱచి, కడిగి, ఆరబెట్టిన తరువాతనే అది నెత్తుటిని పీల్చు దూది యగును. అట్లయినదో లేదో తెలిసికొనుటకు చిన్న రాగితీగ బుట్టలో తూచిన దూదినుంచి, నీటిమీద విడిచి, గడియారము చూతురు. పది సెకండ్లలోపల మునుగవలెను. మునిగినచో ఆ సరకు అమ్మకమునకు పోవును. మునుగనిచో తిరిగి ఉడికింపబడును. ఆ పది సెకండ్లలో ఒక లారీ సరకు భవిష్యత్తు తేలిపోవును. తేలినది మిగులదు, మునిగినదే గట్టెక్కును!

ఇది మొదటి పరీక్ష. గాయముపై పెట్టు దూదిలో సూక్ష్మజీవి యేదియు బ్రతికి యుండరాదు. అందుకై కట్టలను ఆటోక్లేవు అను ఆవిరిపాత్రలో పెట్టి, ఒత్తిడితో 121 డిగ్రీల సెల్సియసు వేడి కెక్కింతురు. ఆ వేడిలో కనీసము 15 నిమిషము లుంచుట వాడుక. కట్ట మధ్యకు ఆవిరి చేరినదో లేదో తెలియుట యెట్లు? ఒక జాతి బాక్టీరియముల బీజములను, అనగా స్పోర్లను, కాగితపు ముక్కపై పెట్టి కట్ట నడుమ దాచుదురు. ఆ స్పోర్లు మహా మొండివి. మరుగుచున్న నీటికిని చావవు. అవియే చచ్చినచో మిగిలిన జీవులన్నియు చచ్చినట్లే యని లెక్క. కాగితమును ఆహారద్రవములో వేసి వెచ్చగా నుంచి చూతురు. మొలకెత్తనిచో సరకు మంచిది.

ఒకనా డొక కాగితము మొలకెత్తినది. కట్టను మఱింత బిగించి కట్టుటచేత లోపలి గాలి పోక, ఆవిరి చొరలేదని పర్యవేక్షకుడు వ్రాసి, సరకును తిరిగి ఆవిరి కెక్కించెను. అది సరియైన పనియే. కర్మాగారమున కంతకంటె అక్కఱలేదు. కాని యా యమ్మాయికి నిద్ర పట్టలేదట. మాతో ఆమె యన్న మాటలు మాకిప్పటికిని జ్ఞాపకమున్నవి. "పెదనాన్నగారూ, ఆ స్పోరు తినదు, ఊపిరి తీయదు, కదలదు. ఏళ్ళ తరబడి అలాగే పడి ఉంటుంది. అన్నం దొరికిందని దానికి ఎవరు చెప్తారు? ఎలా లేస్తుంది?"

కర్మాగారపు ప్రశ్నకు అవును, కాదు అని రెండే సమాధానములు గలవు. ఆమె ప్రశ్న అట్టిది కాదు. అది పరిశోధకులు తరతరములుగా వెంబడించుచున్న ప్రశ్న. స్పోరు పై పొరల లోపల కొన్ని ప్రోటీనులు కావలివాండ్రవలె నుండి, చక్కెరలు, అమైనో ఆమ్లములు తగిలినపుడు గుర్తించుననియు, అంతట స్పోరు తనలో దాచుకొనిన కాల్షియపు లవణమును వెలికి విడిచి నీటిని పీల్చుకొని మేల్కొనుననియు ఇప్పటికి తెలిసినది. ఆమె యీ ప్రశ్నను పుస్తకమునుండి తెచ్చుకొనలేదు. ఆరేండ్ల నైటు షిఫ్టులలో, తడిసిన చేతులతో తెచ్చుకొన్నది.

ఇప్పుడు మా తప్పును చెప్పెదము. 1998 ప్రాంతమున మన వీధి పిల్లవాడొకడు, మందుల కంపెనీలో నాలుగేండ్లు పనిచేసినవాడు, ఒక విశ్వవిద్యాలయమువారు పరిశోధనకు పిలిచిన ఉత్తరము పట్టుకొని మాయొద్దకు వచ్చెను. దగ్గుమందు సీసాలలో, బూజు పట్టకుండుటకు కలిపిన మందును సైతము తట్టుకొని, వానకాలమున మాత్రమే పెరుగు బూజు నొకదానిని వాడు గమనించియుండెను. దాని సంగతి తేల్చవలెనని వాని యారాటము. అప్పటికి అక్కగారి పెండ్లి కాలేదు. తండ్రికి అప్పు లుండెను. మేము పెద్దమనిషి తరహాలో గొంతు సవరించుకొని, "రెంటికీ చెడ్డ రేవడివి అవుతావురా" అని చెప్పితిమి. వాడు ఉత్తరమును మడిచి జేబులో పెట్టుకొని పోయెను. అక్కగారి పెండ్లి జరిగినది, అప్పులు తీరినవి, వాడు ఉన్నతోద్యోగి యయ్యెను, ఇల్లు కట్టెను. వాని జీవితము చెడినదని మేమనజాలము. కాని యిప్పటికిని ఎదురైనపుడెల్ల వాడు మాకు నమస్కరించును. ఆ నమస్కారము మాకు బరువుగా నుండును. ఆ యింటి పరిస్థితిని చూచి మేము వెళ్లవద్దంటిమి. వేతనమెంత, ఎన్నేండ్లు, ఒక యేడు ఆగి వెళ్లవచ్చునా అని కనీసము విచారింపలేదు. తెలియని సంగతిని తెలిసినట్లు చెప్పుట, అదియే మా తప్పు.

ఈ త్రోవ నడచినవారు లేరా? మనకు మిక్కిలి దగ్గఱివారే యున్నారు. కృష్ణ ఎల్లాగారు మనవలెనే తమిళనాటి తెలుగువారు. తిరుత్తణి ప్రాంతమున రైతు కుటుంబమున పుట్టినవారు. సేద్యము చేయవలెననియే వారు బెంగళూరున వ్యవసాయశాస్త్రము చదివిరి. ఇంటి ఆర్థికస్థితి యందు కనుకూలింపలేదు. బేయర్ కంపెనీవారి వ్యవసాయ విభాగమున ఉద్యోగమునకు కుదిరిరి. అచ్చట నుండగా, ఆకలినుండి విముక్తి యను పేరిట రోటరీ సంస్థవారిచ్చు విద్యార్థివేతనము లభించినది. ఉద్యోగము విడిచి అమెరికా వెళ్లిరి. హవాయీ విశ్వవిద్యాలయమున ఎం.ఎస్., పిదప విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు మాడిసన్ శాఖలో పి.హెచ్‌డి. ముగించి, దక్షిణ కరోలినాలోని వైద్య విశ్వవిద్యాలయమున పనిచేసిరి. తల్లిగారు తిరిగి రమ్మనుచు, నీ కడుపు తొమ్మిదంగుళములే గదా, ఎంత సంపాదించినను అంతకంటె తినజాలవు గదా యని హెచ్చరించిరని వారే చెప్పుచుందురు. 1996లో హైదరాబాదున సతీమణి సుచిత్రా ఎల్లాగారితో కలసి భారత్ బయోటెక్ సంస్థను స్థాపించిరి. 2022లో ఆ దంపతులకు పద్మభూషణ పురస్కారము లభించెను.

కంపెనీ పెట్టుటకు డాక్టరేటు కావలెనా యని మీరడుగవచ్చును. అక్కఱలేదు. డాక్టరేటు లేని కోటీశ్వరులు మన యూరనే యున్నారు. కాని వారి రోటావైరసు టీకా కథ వినుడు. 1985–86లో ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో పుట్టిన పసికందులకు ఒక వైరసు సోకినది, కాని వారికి విరేచనముల వ్యాధి రాలేదు. ఆ వైరసునకు 116ఇ యని పేరు పెట్టిరి. జబ్బు చేయక రక్షణ నిచ్చు వైరసు గనుక అదియే టీకాకు పనికివచ్చునను నూహ కలిగెను. ఆ యూహ టీకాగా రూపొందుటకు పాతికేండ్లకు పైగా పట్టినది. ఢిల్లీ, పూనా, వేలూరు ప్రాంతములలో 6,799 మంది శిశువులపై పరీక్షించిరి. తీవ్రమైన వ్యాధిని సగమునకు పైగా అరికట్టునని తేలినది. 2015లో టీకా విడుదలయ్యెను. మోతాదు ఒక డాలరునకే యిత్తుమని ముందుగనే మాటయిచ్చియుండిరి. 2016 మార్చిలో ప్రభుత్వ టీకాల కార్యక్రమమున మొదట చేర్చిన నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ మొకటి. పాతికేండ్లు ఫలమీయని చెట్టుకు నీరు పోయుటకు వ్యాపారపు లెక్క యొక్కటే చాలదు. ప్రశ్నతో కాపురము చేసిన అలవాటు కావలెను. ఆ యలవాటు పరిశోధనాలయమున నబ్బునని మా నమ్మకము.

పొగడుటకే మేమిది చెప్పుట లేదు. 2021 జనవరి 3వ తేదీన అదే సంస్థవారి కోవాగ్జిను టీకాకు అత్యవసర అనుమతి లభించినపుడు, మూడవదశ పరీక్షల ఫలితము రాకమునుపే అనుమతి యిచ్చుట తగదని పలువురు శాస్త్రజ్ఞులు ఆక్షేపించిరి. ఫలితములు తరువాత ఆ యేటనే ప్రకటింపబడెను. ఆక్షేపించినవారును శాస్త్రమునే పాటించిరని విద్యార్థులు గ్రహింతురు గాక.

దీనికి ఎదురుదారిని నడచిన మహనీయుడు మీకు తెలిసినవాడే. భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకర్ ధర్మసంస్థ సాయముతో అమెరికా చేరి, ఆసుపత్రిలో రాత్రివేళ చాకిరి చేయుచు చదివిరి. 1925లో రక్తములోని భాస్వరమును కొలుచు విధానమును, 1927లో కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిను అను పదార్థమును ఫిస్కెగారితో కలసి లోకమునకు తెలిపిరి. 1930లో హార్వర్డునందు డాక్టరేటు పొందిరి. అచ్చట స్థిరమైన పదవి దక్కక, 1940లో లెడర్లే మందుల కంపెనీకి పోయిరి. బోదకాలునకు నేటికిని వాడు హెట్రజాను మందు 1947లో వారి బృందమునుండియే వచ్చినది. మఱుసటి యేడు, 1948లో, వారు మరణించిరి. సుబ్బారావుగారు పరిశోధననుండి కర్మాగారమునకు పోయిరి, ఎల్లాగారు కర్మాగారమునుండి పరిశోధనకు వచ్చి మరల కర్మాగారమునే కట్టిరి. ఈ రెంటికి నడుమ గోడ యున్నదని మన మనుకొనుచున్నాము. గోడ యున్నమాట నిజమే కాని, దానికి తలుపు గలదు.

మఱొక చిన్న ముచ్చట. డబ్లిను నగరపు గిన్నిసు బీరు కంపెనీలో 1899లో చేరిన గాసెట్ అను నతడు, బార్లీ గింజల పరీక్షలలో కొద్దిపాటి లెక్కలనుండి నిజమును తేల్చుట యెట్లో తెలియక, 1906లో లండను వెళ్లి ఒక యేడు కార్ల్ పియర్సన్ ఆచార్యునొద్ద పనిచేసెను. 1908లో తన సిద్ధాంతమును ప్రకటించెను. కంపెనీ నియమముచేత సొంత పేరు వేసికొనరాదు. అందుచేత "విద్యార్థి" అని సంతకము చేసెను. నేటికిని జీవశాస్త్రము చదువువా రెల్లరు ఆ "విద్యార్థి" పరీక్షనే వాడుచున్నారు. అప్పటి కతనికి ముప్పదియేండ్లు దాటినవి. ఈ సంగతి నేనా యమ్మాయి తండ్రిగారికి ప్రత్యేకముగా చెప్పవలసివచ్చెననుటకు బదులు, మేము చెప్పవలసివచ్చెనని సభామర్యాదగా అందుము. ఆయన బాధ యేమనగా, "ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల ఏం చేస్తోందంటే విద్యార్థిని అని ఎలా చెప్పేది, అన్నగారూ? సంబంధం చూసేవాళ్ళు నవ్వరా?"

నవ్వుటకు ముందు లెక్కలు చూడవలెను. ఈసారి మేము లెక్కలు చూచితిమి. ఎం.ఎస్‌సి. చదివినవారు సంవత్సరమునకు రెండుమార్లు జరుగు జాతీయ అర్హతా పరీక్షలో ఫెలోషిప్పు స్థాయిలో నెగ్గినచో, 2023 జనవరి నుండి మొదటి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు, పిమ్మట 42,000 రూపాయలు చొప్పున నిర్ణయింపబడినది. మొత్తము ఐదేండ్లు. అమ్మాయికి కంపెనీ యిచ్చుచుండిన జీతము అందులో మూడింట రెండువంతులు కూడ లేదు! మన యూర ఈ సంగతి యెందఱికి తెలియును? మాకును తెలియదు. ఆమెయే చెప్పినది. వయఃపరిమితి గలదు గాని స్త్రీలకు ఐదేండ్ల సడలింపు కలదు. 2022లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము చేసిన నియమముల ప్రకారము పి.హెచ్‌డి.కి కనిష్ఠము మూడేండ్లు, గరిష్ఠము ఆరేండ్లు; స్త్రీలకు మఱి రెండేండ్లు పొడిగింపవచ్చును, ప్రసవమునకు 240 దినముల సెలవును గలదు. ఉద్యోగము విడువలేనివారు యజమానినుండి నిరాక్షేపణ పత్రము తెచ్చి, పార్ట్‌టైముగ చేయుటకును వీలున్నది.

దీని రెండవ ప్రక్కను దాచుట న్యాయము కాదు. ఆ పరీక్ష కఠినము. అమ్మాయి రెండుమార్లు తప్పి మూడవమారు నెగ్గినది. షిఫ్టు ముగించుకొని వచ్చి రాత్రి రెండుగంటలవరకు చదివెడిది. నెగ్గనివారికి ఆ వేతనము లేదు. నెగ్గినను డబ్బు నెలనెలా వేళకు చేరుననుకొనరాదు. మూడు నాలుగు నెలలు ఆలస్యమగుట వింత కాదు. ఐదేండ్ల పిమ్మట ఉద్యోగము చేతిలో పెట్టువారు లేరు. పరిశోధన మధ్యలో మాని వచ్చినవారిని మేమెఱుగుదుము. కర్మాగారమున ఫలితము సాయంకాలమునకు తెలియును. పరిశోధనలో ఏడాదికిని తెలియకపోవచ్చును. ఆరేండ్లు వేళకు పని ముగించుటకు అలవాటు పడిన మనసు దీనిని సహించుట సులభము కాదు.

ఇవన్నియు ఆమెముందుంచి, "ఇప్పుడు చెప్పమ్మా, పోతావా?" అని యడిగితిమి. ఆమె యనినది: "పోకపోతే ఆ కాగితం ఎందుకు మొలిచిందో ఇంకెవరో చెప్తారు. అప్పుడు చదువుకుంటాను, అంతే గదా." మాకు ఆ దగ్గుమందు బూజు జ్ఞాపకము వచ్చినది. వెళ్లుమంటిమి.

అయితే వెళ్లుమనుట సులభము. మొదటి వేతనము వచ్చులోపల హైదరాబాదున ఉండుటకు, ప్రవేశరుసుములకు సొమ్ము కావలెను. తండ్రిగారు మిల్లునుండి విరమించినవారు. సంఘపు విద్యానిధినుండి ఋణము నడుగుమని మేమే యామెను పంపితిమి. నిధి నియమావళిలో "25 సంవత్సరములకు లోబడిన విద్యార్థులకు" అను మాట యున్నది. ఆ నియమమును వ్రాసిన ముగ్గురిలో మే మొకరము! ఆనాడు చదువనగా బడినుండి కాలేజీకి, కాలేజీనుండి ఉద్యోగమునకు పోవుటయే యని తలంచితిమి. ఉద్యోగమునుండి తిరిగి చదువునకు వచ్చువా రుందురని మాకు తోచలేదు. ఆమె దరఖాస్తు తిరిగి వచ్చినది. వీధిలోని నలుగురు కలసి సర్దితిమి. కాని నలుగురు సర్దుట యొక యేర్పాటు కాదు. రానున్న సర్వసభ్య సమావేశమున ఆ వయోనియమమును తొలగించి, కనీసము రెండేండ్లు పనిచేసి తిరిగి చదువబోవువారికి వడ్డీలేని ఋణ మీయవలెనని మేము తీర్మానమును ప్రతిపాదింపనున్నాము. నిధి చిన్నది, చిన్నపిల్లలకు తగ్గునని కొందఱు పెద్ద లనుచున్నారు. వారి మాటయు త్రోసివేయదగినది కాదు. వారు తప్పక వచ్చి తమ వాదమును వినిపింపవలెనని ఈ వేదికనుండి కోరుచున్నాము.

ఆమె పొదిగై ఎక్స్‌ప్రెసులో చెన్నపట్టణము వెళ్లి, అచ్చటనుండి హైదరాబాదు చేరినది. ఒక పరిశోధనాలయమున స్పోర్లపైననే పని చేయుచున్నది. క్రిందటి నెలలో ఉత్తరము వ్రాసినది. తెలుగు లిపి వ్రాయుట రాదు గనుక తమిళలిపిలో తెలుగు మాటలు! అచ్చటి స్నేహితురాలు తెలుగక్షరములు నేర్పుచున్నదట. మూడుమార్లు ప్రయోగము చెడినదట. కడపటి వాక్యమును మీకు చదివి వినిపించి విరమింతుము. "కంపెనీలో అయితే ఈపాటికి మెమో వచ్చేది, పెదనాన్నగారూ. ఇక్కడ గైడుగారు ప్లేటు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, 'ఇదెందుకు ఇలా అయింది?' అని నన్నే అడిగారు."